పిల్లికూన ఏమీ చేయదా?

శ్రీవైష్ణవంలో ఏడు వందల ఏళ్ళుగా నలుగుతున్న ఒక తగవును రెండు జంతువుల పేర్లతో చెప్పుకుంటారు. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం, వడగలై వారిది మర్కట కిశోర న్యాయం. తల్లిపిల్లి కూనను నోట కరుచుకుని తీసుకుపోతుంది, కూన చేసేదేమీ లేదు. అలాగే జీవుణ్ణి ఉద్ధరించే భారమంతా భగవంతుడిదే అంటుంది మొదటి న్యాయం. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉంటుంది, తల్లి ఎన్ని కొమ్మలు దూకినా పట్టు విడవదు. అలాగే జీవుడి వైపు నుంచి కూడా శరణాగతి అనే ఒక చేష్ట ఉండి తీరాలంటుంది రెండోది. ప్రవచనాల్లో ఈ జంటను చెప్పి, ఏ మార్గమైనా గమ్యం ఒకటేనని సర్ది ముగిస్తారు. ఆ సర్దుబాటు తొందరపాటని నా అభిప్రాయం. ముందు జంతువుల వైపు తిరిగి చూడాలి. కూన నిజంగా ఏమీ చేయదా? కోతిపిల్ల పట్టు నిజంగా దాని ప్రయత్నమేనా?

అంతకుముందు ఇరుపక్షాల మాటా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. వడగలై వారు మోక్షాన్ని కష్టపడి సంపాదించుకోవాలని చెబుతున్నారని చాలామంది అనుకుంటారు. వేదాంత దేశికులు (1268–1369) అలా చెప్పలేదు. రక్షించేది భగవంతుడే, శరణాగతి ఒక వ్యాజం, అంటే ఆయన దయ ప్రవహించడానికి ఒక సాకు మాత్రమే. ఆ సాకైనా లేకపోతే కొందరిని రక్షించి కొందరిని వదిలేసే దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటగట్టినట్టవుతుంది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం పనిగట్టుకుని తోసిపుచ్చిన దోషాలే ఇవి. పిళ్ళై లోకాచార్యుల వారి దారిలో నడిచిన తెంగలై వారి భయం మరొకటి. శరణాగతిని కూడా ఉపాయంగా లెక్కవేస్తే, ‘నేను చేశాను కాబట్టి దక్కింది’ అనే అహంకారం వెనక తలుపు నుంచి తిరిగి వస్తుంది. అందుకే వారు కృపను నిర్హేతుకం అన్నారు. ఇద్దరూ శ్రీరంగంలో ఉన్నవారే, ఢిల్లీ సేనలు ఆ ఊరి మీద పడ్డ రోజులు చూసినవారే. లోకాచార్యులు వృద్ధాప్యంలో రంగనాథుడి ఉత్సవమూర్తిని కాపాడుకుంటూ ఊరు దాటించి, దారిలోనే పరమపదించారని సంప్రదాయం చెబుతుంది. ఆ మూర్తి తర్వాత కొంతకాలం మన తిరుమలలో కూడా తలదాచుకుంది. తల్లే కూనను మోస్తుందని చెప్పిన పరంపరలోని పెద్దాయన, ఆపద వేళ ఆ తల్లిని తానే మోసుకెళ్ళాడన్నమాట. దీన్ని ఆయన సిద్ధాంతానికి విరుద్ధమైన పనిగా నేను చూడను. ఎందుకు చూడనో వ్యాసం చివరికి తేలుతుంది.

ఇక కూన సంగతి. పుట్టినప్పుడు దానికి కళ్ళు తెరుచుకోవు, చెవులూ తెరుచుకోవు. కళ్ళు విచ్చుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఒంటి వేడిని తనంత తాను నిలుపుకోలేదు. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోయలేదు. ఇంత పరాధీనమైన బతుకును చూసే కాబోలు, మనవాళ్ళు ‘కూన చేసేదేమీ లేదు’ అన్నారు. కానీ కాసేపు కనిపెట్టి చూస్తే అది ఊరికే పడి ఉండదని తెలుస్తుంది. గూటి నుంచి కాస్త పక్కకు జరిగితే తల అటూ ఇటూ ఆడిస్తూ, పొట్ట ఈడ్చుకుంటూ వెచ్చదనం ఉన్న వైపు పాకుతుంది. చలి తగిలితే సన్నగా, ఎడతెగకుండా అరుస్తుంది. ఆ అరుపు విని తల్లి లేచి వస్తుంది. చన్ను దొరికాక ముందరి కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి చాచి, వేళ్ళు విప్పుతూ ముడుస్తూ తల్లి పొట్టను ఒత్తుతుంది. దూడ పొదుగును పొడిచేది దేనికో ఇదీ దానికే, పాలు చేపడానికి. కొద్ది రోజుల్లోనే ఒక్కో కూన తనకంటూ ఒక చన్ను చూసుకుని, కళ్ళు తెరవకుండానే తోబుట్టువుల మధ్య నుంచి దాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. గురగురమనడమూ ఆ మొదటి రోజుల్లోనే మొదలవుతుంది. రామకృష్ణ పరమహంస ఈ పోలికను వాడినప్పుడు, తల్లి ఎక్కడ పెడితే అక్కడ ఉండే కూన ‘మ్యావ్ మ్యావ్’ మాత్రం అంటుందని కలిపారు. ఆ చిన్న చేర్పుతో ఆయన కూన మరీ మూగదిగా మిగలకుండా పోయింది.

అసలు న్యాయం నిలబడ్డది తల్లి కూనను మోసే దృశ్యం మీద కదా, అక్కడైనా కూన నిష్క్రియమేనా అని అడగవచ్చు. మెడ వెనకాల వదులుగా ఉండే చర్మాన్ని తల్లి పళ్ళతో పట్టుకోగానే కూన వెనక కాళ్ళు ముడుచుకుంటుంది, తోకను పొట్ట కిందికి చుట్టుకుంటుంది, అరుపు ఆపి కదలకుండా వేలాడుతుంది. చూసేవాళ్ళకు అది ఏమీ చేయకపోవడంలా ఉంటుంది. 2013లో జపాన్‌లోని రైకెన్ సంస్థలో కుమి కురోడా బృందం ఎలుక పిల్లల్లోనూ మనుషుల పసిబిడ్డల్లోనూ ఇలాంటి స్పందననే పరిశీలించింది. తల్లి ఎత్తుకుని నడవగానే బిడ్డ ఏడుపు తగ్గింది, కదలిక తగ్గింది, గుండె కొట్టుకునే వేగం కూడా తగ్గింది. ఎలుక పిల్లల్లో ఆ స్పర్శ తెలియకుండా చేసినప్పుడు అవి కుదురుగా ఉండలేక కొట్టుకున్నాయి; వాటిని గూటికి చేర్చడానికి తల్లికి ఎక్కువ సమయం పట్టింది. ఇవి ఎలుకలే, పిల్లులు కావు, నిజమే. అయినా విషయం ఇక్కడ బయటపడుతోంది. మోయించుకోవడం కూడా ఒక పనే. దాన్ని శరీరం లోలోపల నుంచి చేస్తోంది, అది సరిగా జరగకపోతే మోసేవారికి కష్టమవుతోంది. తెంగలై ఆచార్యులు జీవుడి వైపు నుంచి కావలసిందల్లా అప్రతిషేధం, అంటే కాదనకుండా ఉండటమే అన్నారు. వారు దాన్ని సున్నాగా లెక్కవేశారు. కూన ఒంటిని చూస్తే అది సున్నా కాదు.

కోతి విషయంలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. కోతిపిల్ల పట్టును చూసి మనం పట్టుదల అనుకుంటాం, సాధన అనుకుంటాం. కానీ అప్పుడే పుట్టిన పిల్ల అరచేతికి ఏది తగిలినా వేళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి. మన పొత్తిళ్ళలోని బిడ్డ చేతిలో వేలు పెట్టినా అంతే. బిడ్డ ఆలోచించి పట్టుకోలేదు, పుట్టుకతో వచ్చిన పట్టు అది. పైగా మొదటి రోజుల్లో తల్లికోతి ఒక చేత్తో పిల్లను పొట్టకు అదుముకునే నడుస్తుంది. ఆ పట్టు దేని కోసమో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో చేసిన ప్రయోగాలు చూపించాయి. తల్లి నుంచి వేరు చేసిన రీసస్ కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లులను పెట్టారు. ఒకటి తీగతో అల్లినది, రెండోది మెత్తని గుడ్డ చుట్టినది. పాలసీసా తీగ తల్లి దగ్గర ఉన్నా, పిల్లలు తాగినంతసేపు తాగి, మిగతా సమయమంతా గుడ్డ తల్లినే కరుచుకుని గడిపాయి. ఆ ఫలితాలను ఆయన 1958లో చెప్పారు. ఆ పిల్లలకు జరిగింది క్రూరత్వం, అందులో నాకు రెండో మాట లేదు. అయితే వాటి కష్టం నుంచి బయటపడ్డ సంగతిని కాదనలేం. పట్టుకోవడం పాలకు కట్టే వెల కాదు. పాలు లేని చోట కూడా పిల్ల పట్టుకునే ఉంది.

కాబట్టి తెంగలై వారు అనుకున్నదానికంటే కూన ఎక్కువే చేస్తుంది. కోతిపిల్ల పట్టులో మనం ఊహించుకున్నంత స్వప్రయత్నం లేదు. రెండు పిల్లలూ ఊరటను వెతుక్కుంటాయి. ఆ వెతుకులాట వాటి స్వార్జితం కాదు, తల్లి దగ్గర నుంచి వచ్చిందే, పాలలాగే. అరుపు కూనదే, కానీ ఆ అరుపుకు అర్థం ఉండేది దాన్ని వినే తల్లి చెవి ఉండబట్టే. అరుపూ చెవీ ఒకదాని కోసం ఒకటి ఏర్పడ్డాయి. నేను చెప్పదలచింది ఇదే: ఊరట కోరే చేష్టను కృపకు కారణంగానో, కృప ముందు అనవసరంగానో చూడనక్కర్లేదు. కృప వచ్చి చేరే మొదటి రూపమే ఆ కోరడం. ప్రార్థన పుట్టిన తర్వాత దయ బయలుదేరదు. దయ బయలుదేరిందనడానికి గుర్తుగానే ప్రార్థన పుడుతుంది. ఇలా చూస్తే దేశికుల వ్యాజం నిలుస్తుంది, లోకాచార్యుల నిర్హేతుకత్వమూ నిలుస్తుంది. ఒకరిది చేష్ట ఉందన్న మాట, మరొకరిది ఆ చేష్ట మనది కాదన్న మాట.

ఉపమానాన్ని ఇంత దూరం లాగకూడదని శాస్త్రం చదివినవారు అభ్యంతరం చెబుతారు. ముఖం చంద్రుడిలా ఉందంటే ముఖం మీద మచ్చ వెతకరు. దృష్టాంతం ఒక్క అంశంలోనే వర్తిస్తుంది. ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ నేను మచ్చను వెతకడం లేదు. ఏ అంశంలో పోలిక చెప్పారో, అంటే పిల్ల వైపు నుంచి చేష్ట ఉందా లేదా అనే ఆ ఒక్క అంశాన్నే పరీక్షిస్తున్నాను. ఆ అంశంలోనే లోకం మనం అనుకున్నట్టు లేకపోతే, దాన్ని ఆధారం చేసుకుని గీసిన గీతను మళ్ళీ గీయక తప్పదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. కూనకు కాదనే శక్తి లేదు, మనిషికి ఉంది. తెలివితో, ఇష్టంతో చేసే శరణాగతిని కళ్ళు తెరవని కూన అరుపుతో ఎలా పోలుస్తారు? దీనికి జవాబు మన భాగవతంలోనే ఉందనుకుంటాను. పోతన గజేంద్రుడు కూన కాదు, ఏనుగుల రాజు. మొసలి పట్టినప్పుడు మొదట తన బలాన్నే నమ్ముకున్నాడు, ఏళ్ళ తరబడి పోరాడాడు. ఒంట్లో సత్తువ ఉడిగాక గానీ నోట పిలుపు రాలేదు. ఆ పిలుపు అతని ప్రయత్నాలన్నింటిలో చివరిదా, లేక ప్రయత్నం ఆగిన చోట వచ్చినదా? పద్యాలు చదివేటప్పుడు ఈ రెంటినీ విడదీయలేం. ఎదిగిన ప్రాణికి కాదనడం అలవాటైపోతుంది. ఆ అలవాటు అలసిపోయినప్పుడు అడుగున ఉన్న పాత అరుపు బయటికి వస్తుంది. మనిషికి ఇష్టాయిష్టాలు ఉన్నాయి కాబట్టే అతని అప్రతిషేధం కూన అప్రతిషేధం కంటే కష్టమైనది. కష్టమైనంత మాత్రాన అది వేరే జాతిదైపోదు.

నాస్తికుల ప్రశ్న ఈ రెండింటికీ అవతల నుంచి వస్తుంది, పిల్లుల సాక్ష్యం దానికి మరింత పదును పెడుతుంది. పాలు మరిచి ఏళ్ళు గడిచిన పిల్లి కూడా మెత్తటి దుప్పటి దొరికితే ముందరి కాళ్ళతో ఒత్తుతూ కూర్చుంటుంది. కళ్ళు సగం మూసుకుని గురగురమంటుంది. కొన్ని పిల్లులు, ముఖ్యంగా సయామీ, బర్మీస్ వంటి జాతులవి, ఉన్నిని నోట్లో పెట్టుకుని చప్పరిస్తాయి కూడా. అక్కడ పాలు లేవు, తల్లి లేదు. భక్తుడు చేస్తున్నదీ ఇదే కదా! ఫ్రాయిడ్ 1927లో మతం మీద రాసిన పుస్తకంలో చెప్పింది దాదాపు ఇదే: పసితనపు నిస్సహాయత పెద్దయ్యాక ఆకాశంలో ఒక తండ్రిని వెతుక్కుంటుంది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టిన గోరా మరో వైపు నుంచి వచ్చారు. దేవుడి మీద ఆధారపడే అలవాటు మనిషిలో దాస్యభావాన్ని పెంచుతుందని, తన కాళ్ళ మీద తాను నిలబడనివ్వదని ఆయన వాదం. ఒకరిది సత్యం గురించిన ప్రశ్న, మరొకరిది స్వభావం గురించినది. రెంటినీ కలిపేస్తే దేనికీ జవాబు దొరకదు.

ఫ్రాయిడ్ పక్షానికి నా జవాబు పరిమితమైనది. ఒక అలవాటు ఎక్కడ పుట్టిందో చెప్పినంత మాత్రాన అది నిజాన్ని తాకుతోందో లేదో తేలదు. దుప్పటిలో పాలు లేవన్నది నిజం. కానీ పిల్లి పాల కోసం ఒత్తడం లేదు కూడా. కడుపు నిండిన పిల్లే, నమ్మిన మనిషి ఒళ్ళో కుదురుకున్న పిల్లే ఎక్కువగా ఇలా చేస్తుంది. అది దుప్పటిని తల్లి అని పొరబడిందనడం దాని తెలివిని తక్కువ చేయడమే. దీంతో దేవుడున్నాడని రుజువవుతుందా? అవదు. పిల్లుల నుంచి దేవుణ్ణి రుజువు చేయాలనుకునేవాళ్ళను నేనూ నమ్మను. భక్తిని పొరపాటు అని కొట్టేయడానికి ఈ సాక్ష్యం చాలదు, అంతవరకే.

గోరా ప్రశ్నకు మరికొంత సూటి జవాబు ఉంది. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ వైటేల్ బృందం పిల్లికూనలను వాటి యజమానులతో కొత్త గదిలో రెండు నిమిషాలు ఉంచి, తర్వాత రెండు నిమిషాలు ఒంటరిగా వదిలి, మళ్ళీ యజమానిని లోపలికి పంపి చూసింది. దాదాపు 64 శాతం కూనలు వచ్చిన మనిషిని పలకరించి, కాస్త ఊరట పొంది, తిరిగి గదిని పరిశీలించే పనిలో పడ్డాయి. మిగిలినవాటిలో కొన్ని మనిషిని వదలకుండా అంటుకుపోయాయి, కొన్ని అసలు దగ్గరికే రాలేదు. ఊరట కోరడం వేరు, ఊరట దొరకకపోవడం వేరు. అంటుకుపోయేది ఊరట కుదరని కూన. కుదిరిన కూన తిరగడానికి వెళుతుంది. కాబట్టి గోరా భయపడిన దాస్యాన్ని ఆశ్రయం కోరే గుణం మీద మోపలేం. ఆశ్రయం ఇస్తామని చెప్పి ఇవ్వని చోటు మీద మోపవచ్చు. ఆయన చూసిన మతంలో, అంటే అంటరానితనాన్ని కాపాడిన మతంలో, అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. ఆ మేరకు ఆయన కోపం సరైనదే.

ఈ మాటతో మరో ప్రమాదం కూడా చెప్పుకోవాలి. తల్లి పళ్ళ మధ్య కుదురుకున్న కూనను చూసి, పెద్ద పిల్లినీ మెడ పట్టుకుని లేపితే అలాగే కుదురుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు పశువైద్యులు అలా పట్టుకోవద్దంటున్నారు. కదలకపోవడం ఊరటకే గుర్తు కానక్కర్లేదు, భయంతో బిగుసుకుపోయినా కదలదు. శరణాగతి పేరు చెప్పి మనుషుల మెడ పట్టుకునే గురువులున్న కాలంలో ఈ తేడా చిన్నది కాదు. శ్రీవైష్ణవం ఆచార్యుడికి ఎంత చోటిచ్చినా, శరణాగతిలో గోప్తృత్వ వరణాన్ని, అంటే నన్ను కాపాడమని తానై కోరుకోవడాన్ని, ఒక అంగంగా పెట్టింది. కోరినవారికే ఆ పట్టు ఊరట. ఉన్ని చప్పరించే పిల్లుల్లో కొన్ని నూలుపోగులు మింగేస్తాయి, అవి పేగులకు అడ్డుపడి ప్రాణం మీదికి వస్తుంది. ఊరట ఇచ్చేదాన్నే తిండిగా చేసుకుంటే జరిగేది అది.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన సంగతికి వస్తాను. పిల్లి గురగురలు సుఖంగా ఉన్నప్పుడే అనుకుంటాం. గాయపడ్డ పిల్లీ గురగురమంటుంది, ఈనుతున్న పిల్లీ, చివరి ఘడియల్లో ఉన్న పిల్లీ అంటుంది. మన ఇళ్ళలో పెళ్ళిపందిట్లో పలికిన నామాన్నే చావు మంచం పక్కనా పలుకుతారు. దాన్ని కోరిక అనలేం, కృతజ్ఞత అనీ పూర్తిగా అనలేం. పసితనంలో తల్లిని పిలవడానికో, పాలు చేపించడానికో పనికొచ్చిన చేష్టలు పెద్దయ్యాక ఆ పనిని వదిలేసి మిగిలాయి. ఉపాయంగా మొదలైనవి ఉపాయం కాకుండా పోయి కూడా కొనసాగాయి. శ్రీవైష్ణవులకు దీనికి పాత పేరే ఉంది, కైంకర్యం. శరణాగతి చేసినవాడు ఆ తర్వాత కూడా తిరుమంజనం చేస్తాడు, పూలమాల కడతాడు, తిరునామం పెట్టుకుంటాడు, అనుష్ఠానం మానడు. మోక్షానికి అవి ఇక సాధనాలు కావు, మోక్షం సంగతి అప్పటికే తేలిపోయింది. లోకాచార్యులు రంగనాథుణ్ణి ఊరు దాటించిన పనిని ఈ వరసలో పెట్టి చూస్తేనే అది ఆయన సిద్ధాంతంతో కలుస్తుంది. అందుకే మన ఆచార్యుల పోలికలో నాకు కనబడే కొరత, అది కూన దగ్గరే ఆగిపోవడం. దుప్పటిని ఒత్తుతున్న ఎదిగిన పిల్లి వారి సిద్ధాంతానికి ఇంకా దగ్గరగా ఉంది. చేష్టకు చోటు ఎంత అని పోట్లాడుకున్న ఆ రెండు కలైల వారికీ, చేష్ట ఉపాయం కాకపోయాక కూడా దాన్ని మానక్కర్లేదన్న విషయంలో పేచీ లేదు.